డెలివరీ అయిపోయాక షోరూం నుంచి "మీ ఖాతాలో బాకీ ఉంది" అని ఫోన్ వస్తే

అడిగినాయన కష్టం ఇదీ. హైదరాబాద్‌లో కొత్త కారు తీసుకుని ఆరు వారాలైంది. ఇప్పుడు షోరూం అకౌంట్స్ వాళ్ళు ఫోన్ చేసి "సార్, మీ పేరు మీద 26,900 బాకీ చూపిస్తోంది, కట్టేస్తే ఆర్సీ, రెండో తాళం ఇచ్చేస్తాం" అంటున్నారు. డెలివరీ రోజు వాళ్ళు అడిగినంతా కట్టారు. గేట్ పాస్ ఇచ్చారు, దండ వేసి ఫొటో కూడా తీశారు. లెక్క తప్పింది వాళ్ళయితే నేనెందుకు కట్టాలన్నది ఆయన మొదటి ప్రశ్న, అసలిది మోసమేమో అన్నది రెండోది. కింద ఇంకొకరు దీన్నే తిరగేసి రాశారు: తాను 40,000 ఎక్కువ కట్టానని, రెండు నెలలుగా రేపు మాపు అని తిప్పుతున్నారని. రెండూ ఒకే జబ్బు. మందు కూడా ఒకటే, అందుకని కలిపి చెప్తున్నాను.

ముందు తేల్చి చెప్పాల్సింది చెప్పేస్తాను. లెడ్జర్ (షోరూం పుస్తకాల్లో మీ పేరు మీదున్న జమాఖర్చుల పట్టిక) చూడకుండా రూపాయి కట్టకండి. చూశాక బాకీ నిజమని తేలితే ఒక్కరోజు కూడా ఆపకండి. మీరు పెట్టిన కాగితాల ప్రకారం వాళ్ళడిగిన 26,900 లెక్క తప్పేమీ కాదు, కాకపోతే అందులో మీకు రావాల్సింది కలపలేదు. కలిపితే కట్టాల్సింది 23,750. ఎలాగో చూడండి.

ఎక్స్‌షోరూమ్ 9,20,000. లైఫ్ ట్యాక్స్ 1,28,800. ఇన్సూరెన్స్ 41,300. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వగైరా 3,400. ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,500. యాక్సెసరీలు 22,000. అన్నీ కూడితే ఆన్‌రోడ్ 11,30,000. దీనికి మీ వైపు నుంచి జమలు: బుకింగ్ 21,000, పాత కారు 2,65,000, ఎక్స్చేంజ్ బోనస్ 25,000, లోన్ 7,00,000, వెరసి 10,11,000. తీసేస్తే మిగిలేది 1,19,000. మీరు డెలివరీ రోజు నెఫ్ట్ చేసింది 98,000. తేడా సరిగ్గా 21,000, అంటే బుకింగ్ సొమ్ము. ఇలా తేడా మొత్తం ఏదో ఒక జమతో అణా పైసలతో సహా సరిపోయిందంటే ఆ జమ రెండుసార్లు లెక్కలోకి వచ్చిందనో, అసలు రాలేదనో దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. మీ రెండో ప్రొఫార్మా (బిల్లుకి ముందు ఇచ్చే ధర చీటీ) ఫొటోలో ఆ జాడ కనిపిస్తూనే ఉంది. సేల్స్ అబ్బాయి బుకింగ్ తీసేసి అడుగున 11,09,000 అని రాశాడు. క్యాషియర్ అదే పూర్తి ఆన్‌రోడ్ అనుకుని, సిస్టంలో కనపడే జమలన్నీ (బుకింగ్‌తో సహా) అందులోంచి మళ్ళీ తీసేశాడు. 11,09,000లోంచి 10,11,000 పోతే 98,000.

మిగతా 5,900 సంగతి వేరే. అది షోరూం పొరపాటు కూడా కాదు. లోన్ 7,00,000 శాంక్షన్ అయినా బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 900 పట్టుకుని షోరూంకి 6,94,100 మాత్రమే పంపింది. కారు లోన్లలో ఇది రోజూ జరిగేదే. కొన్ని బ్యాంకులు డాక్యుమెంటేషన్ చార్జీలు, లోన్‌కి కట్టిన ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇందులోంచే పట్టుకుంటాయి, అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. మీ లోన్ కాగితాల్లో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒకటి ఉంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లన్నిటికీ అది ఇవ్వాల్సిందే. పట్టుకున్న ప్రతి చార్జీ అందులో ఉండాలి. ఉంటే ఆ 5,900 మీ ఖర్చే. అందులో లేని చార్జీ పట్టుకుని ఉంటే షోరూంతో కాదు, బ్యాంకుతో తేల్చుకోవాలి.

ఇక మీకు రావాల్సింది. ఇన్సూరెన్స్ కింద 41,300 కట్టించుకున్నారు, పాలసీ మీద ఉన్న మొత్తం ప్రీమియం 38,150. తేడా 3,150. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. షోరూం ఇచ్చే ట్యాక్స్ ఇన్వాయిస్‌లో ఉండేది కారు ధర ఒక్కటే. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం షోరూం ఆదాయం కావు. మీ తరఫున ఇంకొకరికి కట్టడానికి తీసుకున్న డబ్బులు. కాబట్టి వీటిలో కొటేషన్ అంకె చెల్లదు, అసలు రసీదు మీద ఉన్న అంకే చెల్లుతుంది. రసీదు తక్కువుంటే మిగిలింది మీది. ఎక్కువుంటే, మీరు ఒప్పుకున్న మేరకు, మీరే కట్టాలి. మీ పేరు మీద ఇంతకుముందే ఇంకో బండి ఉండి, రెండో బండికి అదనపు లైఫ్ ట్యాక్స్ పడిన సందర్భాల్లో ఇలాంటి తేడాలు బాగా వస్తాయి. సేల్స్ వాళ్ళు మొదటి బండి లెక్కనే చెప్తారు, ఆర్టీఏ (రవాణా శాఖ) సిస్టం మీ పాత బండిని పట్టుకుని అదనం వేస్తుంది. ఆ అదనం ప్రభుత్వానికి వెళ్ళిన పన్ను, షోరూంని తిట్టి లాభం లేదు. పన్ను రసీదు మాత్రం చూపించమనండి.

అదే వరసలో "హ్యాండ్లింగ్ చార్జీలు", "లాజిస్టిక్స్", "డిపో చార్జీలు" అంటూ ఏదైనా గీత కనపడితే దానికి రసీదు అడగండి. ఎవరికి కట్టారో చెప్పలేని చార్జీ అది. చట్టంలో దానికి ఆధారం లేదు. డెలివరీ ముందు అడిగితే చాలా షోరూములు గమ్మున తీసేస్తాయి, తర్వాత అడిగితేనే గునుస్తాయి.

కాబట్టి 21,000 కి 5,900 కలిపి, 3,150 తీసేస్తే 23,750.

ఇక "పొరపాటు వాళ్ళది, నేనెందుకు కట్టాలి" అన్న మాట. గేట్ పాస్ అంటే బాకీ లేదని రాసిచ్చిన కాగితం కాదు. బండి బయటికి వెళ్ళొచ్చు అన్న చీటీ అంతే. ధర ఒప్పందం 11,30,000 మీద జరిగింది, దాన్ని మీరూ కాదనడం లేదు. వస్తువు చేతికొచ్చాక ధరలో కొంత మిగిలిపోతే అమ్మినవాడు దాన్ని వసూలు చేసుకోవచ్చని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. గడువు డెలివరీ నుంచి మూడేళ్ళు. అంటే ఆరు వారాలకు కాదు, రెండేళ్ళకు అడిగినా అది బాకీయే. ఇటు నుంచి కూడా అంతే: పొరపాటున ఎక్కువ పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాల్సిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ సూటిగా చెబుతుంది. 40,000 ఎక్కువ కట్టినాయనకు పట్టు ఇక్కడే ఉంది.

అయితే ప్రతి "పొరపాటూ" ఈ కోవలోకి రాదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. షోరూం వాళ్ళు పొరపాటు అనేదాంట్లో రెండు రకాలున్నాయి, చెల్లింపులో పొరపాటు, ధర విషయంలో మాట మార్చడం. విడదీయడానికి ఒక పరీక్ష ఉంది. ఇన్వాయిస్‌ని ముట్టుకోకుండానే బాకీ కనపడుతోందా? అయితే అది చెల్లింపులో పొరపాటు, కట్టేయండి. బాకీ రావాలంటే ఇన్వాయిస్‌నే మార్చాలా, ఇచ్చిన డిస్కౌంట్‌ని వెనక్కి లాగాలా? అయితే అది ధర గొడవ, అక్కడ మీరు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. "సార్, ఆ 15,000 డిస్కౌంట్ మా జీఎం అప్రూవ్ చేయలేదు, సేల్స్ అబ్బాయి తప్పుగా ఇచ్చాడు" అని డెలివరీ తర్వాత ఫోన్ చేస్తే, సంతకం చేసిన ఆఫర్ షీటు మీ దగ్గర ఉన్నంతవరకూ అది వాళ్ళ ఇంటి గొడవ. ఒక పక్షం మాత్రమే పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం చెడదని అదే కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ అంటుంది. దీనికి మినహాయింపు కళ్ళకు కట్టినట్టుండే తప్పు: 9,20,000 బదులు 92,000 అని టైపు పడితే ఆ ధరకు కారు ఇమ్మని ఎవరూ నిలబడలేరు, నిలబడకూడదు కూడా.

మధ్యలో వేలాడేది ఎక్స్చేంజ్ బోనస్. ఈ డబ్బు ఎక్కువగా కంపెనీ ఇచ్చేది. షోరూం ముందుగా మీ ఖాతాలో జమ వేసి, తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకుంటుంది. కంపెనీ అడిగే కాగితాలు గడువులోపు వెళ్ళకపోతే బోనస్ తిరస్కరిస్తారు. పాత కారు ఆర్సీ ఒకరి పేరు మీద, కొత్త కారు ఇంకొకరి పేరు మీద ఉండి, బంధుత్వానికి ఆధారం జత చేయకపోవడం మామూలుగా జరిగే తప్పు. కార్పొరేట్ డిస్కౌంట్‌లో అయితే ఐడీ కార్డు, పే స్లిప్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు షోరూం మీ మీద పడుతుంది. బుకింగ్ ఫారం వెనక "కంపెనీ తిరస్కరిస్తే కొనుగోలుదారు చెల్లించాలి" అని ఉందేమో చూడండి. ఉన్నా సరే, వాళ్ళడిగిన కాగితాలన్నీ మీరు వేళకిచ్చి ఉంటే ఆ నష్టం షోరూందే. వాట్సాప్‌లో మీరు పంపిన తేదీ చాలు సాక్ష్యానికి. మీరే ఇవ్వకుండా నాన్చి ఉంటే మాత్రం కట్టక తప్పదు.

పాత కారు మీద లోన్ ఉంటే ఇంకో తేడా వస్తుంది. షోరూం ఆ లోన్ క్లోజ్ చేయడానికి ఒక తేదీకి అంకె తీసుకుంటుంది, కట్టేది నాలుగు రోజుల తర్వాత. రోజు వడ్డీ కలిసి వెయ్యో రెండు వేలో పెరుగుతుంది. దానికి బ్యాంకు ఇచ్చిన క్లోజర్ లెటర్ అడిగితే సరి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు పుట్టిన తగాదాలు కూడా ఈ జాతివే. ఆ రోజు నుంచి చిన్న కార్లకు 18 శాతం, మిగతా వాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ బండ్లకు 5 శాతం. పాత ధరకు బుక్ చేసి అడ్వాన్స్ కట్టినా, కారు, ఇన్వాయిస్ రెండూ ఆ తేదీ తర్వాతే వచ్చాయంటే కొత్త రేటే వర్తిస్తుంది. పాత ధర లెక్కన పూర్తిగా కట్టేసి కొత్త ధర ఇన్వాయిస్ తీసుకున్నవాళ్ళు లెడ్జర్ ఇప్పుడైనా తెరిపించండి. మీ పేర జమ మిగిలి ఉండొచ్చు. అడగకపోతే దాని గురించి ఎవరూ ఫోన్ చేయరు.

ఇప్పుడు మోసం అనుమానం. అనుమానపడటం తప్పు కాదు. మీ పేరు, బండి మోడల్, డెలివరీ తేదీ తెలిసినవాళ్ళు షోరూంలో చాలామంది ఉంటారు, మానేసి వెళ్ళినవాళ్ళతో సహా. కాబట్టి వచ్చిన ఫోన్‌కి కట్టకండి. ఇన్వాయిస్ మీద ఉన్న నంబరుకి మీరే తిరిగి చేసి, అకౌంట్స్ వాళ్ళను కస్టమర్ లెడ్జర్ మెయిల్ చేయమనండి. కంపెనీ మెయిల్ ఐడీ నుంచే రావాలి, ఎవరి సొంత జీమెయిల్ నుంచో కాదు. ప్రతి షోరూంలో డీలర్ మేనేజ్‌మెంట్ సిస్టం ఉంటుంది. మీ లెడ్జర్ పీడీఎఫ్ తీయడం రెండు నిమిషాల పని. "సిస్టం డౌన్ ఉంది సార్, ముందు కట్టేయండి, తర్వాత పంపిస్తాం" అంటే అక్కడే ఆగండి.

లెడ్జర్ చదవడం కష్టమేం కాదు. డెబిట్ వైపు మీ మీద రాసినవి: ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్, యాక్సెసరీలు. క్రెడిట్ వైపు మీ పేర జమ అయినవి. ప్రతి జమకీ తేదీ, రసీదు నంబరు, డబ్బు ఏ దారిన వచ్చింది అన్నది ఉండాలి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్ పెట్టండి. పోల్చాల్సింది మొత్తాలను కాదు, యూటీఆర్ నంబర్లను (ప్రతి చెల్లింపుకీ బ్యాంకు వేసే గుర్తింపు నంబరు). నెఫ్ట్‌కి 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కి 22, యూపీఐ, ఐఎంపీఎస్‌లకు 12 అంకెల రిఫరెన్స్ ఉంటుంది. మీరు కట్టిన ఒక యూటీఆర్ లెడ్జర్‌లో లేకపోతే ఆ డబ్బు మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: అదే పేరున్న ఇంకో కస్టమర్ ఖాతాలో, ఎవరిదో తెలియక పక్కన పెట్టిన సస్పెన్స్ ఖాతాలో, లేదా మీ భార్య పేరు మీదో వేరే బ్రాంచిలోనో తెరిచిన పాత బుకింగ్‌లో. కంపెనీ వెబ్‌సైట్లో బుక్ చేసినవాళ్ళది నాలుగో రకం. ఆ డబ్బు ముందు కంపెనీకి వెళ్ళి తర్వాత షోరూంకి బదిలీ అవుతుంది, ఆ బదిలీ ఆలస్యమైతే మీ లెడ్జర్‌లో బాకీ కనపడుతుంది. ఆ బాకీ మీది కాదు. కంపెనీ పంపిన బుకింగ్ రసీదు పంపేసి ఊరుకోండి.

అన్నిటికంటే కష్టమైనది సేల్స్ అబ్బాయి సొంత ఫోన్‌పే నంబరుకి కట్టిన డబ్బు. "స్కానర్ పనిచేయట్లేదు సార్, నాకు కొట్టండి, నేను జమ చేస్తా" అంటే చాలామంది కట్టేస్తారు. అది లెడ్జర్‌లోకి రాకపోతే షోరూం మాకు సంబంధం లేదంటుంది. నిజానికి వాళ్ళ ఉద్యోగి వాళ్ళ కౌంటర్ దగ్గర, వాళ్ళ పని మీద తీసుకున్న సొమ్ముకి వాళ్ళు అంత తేలిగ్గా చేతులు దులుపుకోలేరు. కానీ దాన్ని రుజువు చేసుకోవడానికి మీకు నెలలు పడుతుంది. ఏ అంకె అయినా సరే, కంపెనీ కరెంట్ అకౌంట్‌కే కట్టండి. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లో డబ్బు ఖాతా నంబరు మీదే జమ అవుతుంది, మీరు టైపు చేసిన పేరు మీద కాదు. 2025 ఏప్రిల్ నుంచి పంపేముందు ఆ ఖాతాదారు పేరు చూపించే వెసులుబాటు బ్యాంకుల్లో వచ్చింది. ఆ పేరు ఇన్వాయిస్ మీదున్న పేరుతో సరిపోతేనే నొక్కండి. బోర్డు మీద ఒక పేరు, రిజిస్టర్ అయిన కంపెనీ ఇంకో పేరు ఉంటాయి. కంగారు పడొద్దు, ఇన్వాయిస్ మీదిదే లెక్క.

మిగిలిన బాకీ క్యాష్‌లో తెమ్మంటే వద్దనండి. చిన్న మొత్తమే కదా అనిపించినా, ఒకే కారు కొనుగోలు కింద ఇచ్చే క్యాష్ అంతా కలిపి 2 లక్షలు చేరకూడదు. రోజుకింత చొప్పున విడగొట్టినా అంతే. జరిమానా పుచ్చుకున్నవాడికి పడుతుంది, అది కూడా పుచ్చుకున్నంత మొత్తం.

ఆర్సీ, రెండో తాళం పట్టుకుని కూర్చోవడం గురించి. ఈ బెదిరింపుకి పళ్ళు లేవు. ధర పూర్తిగా రాకపోతే వస్తువును తన దగ్గర ఆపుకునే హక్కు అమ్మినవాడికి ఉన్నమాట నిజమే, కానీ బండి మీ చేతికిచ్చిన రోజే ఆ హక్కు పోయింది. రెండో తాళం బండిలో భాగం. ఆర్సీ మీ పేరు మీద రవాణా శాఖ ఇచ్చే పత్రం, షోరూం తాకట్టు వస్తువు కాదు. రిజిస్ట్రేషన్ పూర్తయి ఉంటే దాని డిజిటల్ కాపీ ప్రభుత్వ యాప్‌లో తెచ్చుకోండి, రోడ్డు మీద చూపించడానికి అది చెల్లుతుంది. బాకీ వసూలు చేసుకోవాలంటే షోరూం నోటీసు ఇవ్వాలి, కోర్టుకెళ్ళాలి. ఇంటికి మనుషుల్ని పంపి బండి తీసుకెళ్తాం అంటే అది నేరం. అయినా నిజమైన బాకీ కట్టకుండా ఈ పాయింట్లన్నీ వల్లించడం నాకు సబబుగా అనిపించదు. కట్టేస్తూనే, తాళం ఆపుకోవడం తప్పని ఒక ముక్క రాయండి.

ఇంకో కోణం చెప్పాలి. చాలా షోరూముల్లో ఇలాంటి షార్టేజీ డెలివరీ ఇచ్చిన సేల్స్ అబ్బాయి ఇన్సెంటివ్‌లోంచో, క్యాషియర్ జీతంలోంచో కోస్తారు. అలా కోయడం న్యాయం కాదు, సంజాయిషీ అడక్కుండా జీతం కోయడానికి చట్టమూ ఒప్పుకోదు. కానీ కోస్తారు. మీరు "కంపెనీకి 21,000 ఏం లెక్క" అనుకుని ఊరుకుంటే ఆ దెబ్బ కంపెనీకి తగలదు. లెక్క మీకే ముందు తెలిసిపోయిందనుకోండి, వాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే మెయిల్ పెట్టండి. తెలిసిన రోజు ఎవరు రాతపూర్వకంగా చెప్పారన్నదే తర్వాత అన్ని గొడవల్లోనూ ఎవరి మాట నిలుస్తుందో తేలుస్తుంది. తక్కువ కట్టడం వరకూ సివిల్ బాకీయే. కానీ షోరూం మీకు రీఫండ్ రెండుసార్లు వేసిందని తెలిసి కూడా, వాళ్ళు అడిగినా ఇవ్వకుండా వాడేసుకుంటే కథ మారుతుంది. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద అది సొత్తు కాజేయడం, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా.

రాయాల్సిన మెయిల్ ఇంతే, పొడుగు అక్కర్లేదు:

"ఫలానా తేదీ ఇన్వాయిస్ నంబరు ఫలానా. మీరు చెప్పిన 26,900 బాకీ విషయం. లెడ్జర్ చూశాను. బుకింగ్ 21,000 రెండుసార్లు తగ్గించిన మాట నిజం. లోన్‌లో బ్యాంకు పట్టుకున్న 5,900 కూడా నేను కట్టాల్సిందే. ఇన్సూరెన్స్ కింద మీరు 41,300 తీసుకున్నారు, పాలసీ ప్రీమియం 38,150. ఆ తేడా 3,150 నాకు జమ వేసి, 23,750 కి సవరించిన లెడ్జర్ పంపండి. అందిన రెండు పనిదినాల్లో మీ కరెంట్ అకౌంట్‌కి పంపుతాను. రెండో తాళం, ఆర్సీ ఈ చెల్లింపుకి ముడిపెట్టడం సరికాదు, వెంటనే ఇవ్వగలరు."

మాటల్లో కోపం లేదు, అంకెలన్నీ ఉన్నాయి, గడువు ఉంది. ఇలాంటి మెయిల్‌కి అకౌంట్స్ వాళ్ళు మర్యాదగానే జవాబిస్తారు, ఎందుకంటే వాళ్ళ ఆడిటర్‌కి కావాల్సిందీ ఇదే.

ఇక 40,000 ఎక్కువ కట్టినాయనకు. సేల్స్ వాళ్ళ వెంట తిరగడం మానేయండి. డెలివరీ అయ్యాక వాళ్ళకి మీ ఖాతా మీద పనేం ఉండదు, అడిగిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉంది సార్" అనడం తప్ప. లెడ్జర్ తీయించండి, అందులో క్రెడిట్ బ్యాలెన్స్ 40,000 అని కనపడాలి. అది కనపడ్డాక వాళ్ళే ఒప్పుకున్నట్టు. అకౌంట్స్ మేనేజర్‌కి, జనరల్ మేనేజర్‌కి కలిపి మెయిల్: లెడ్జర్, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి ఏడు రోజుల గడువు. డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్ళిందో ఆ ఖాతాకే రీఫండ్ అడగండి. మూడో మనిషి ఖాతా ఇస్తే అక్కడే ఫైలు ఆగిపోతుంది, వాళ్ళ వైపు నుంచి అది సరైన జాగ్రత్తే. "సర్వీసులో అడ్జస్ట్ చేస్తాం, యాక్సెసరీలు తీసుకోండి" అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఏడు రోజులు దాటితే కంపెనీ కస్టమర్ కేర్‌కి అదే మెయిల్ ఫార్వర్డ్ చేయండి. దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా గొడవలు ఇక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్ళ లోపు వేయాలి, ఫీజు కారు ధరను బట్టి: 5 నుంచి 10 లక్షలకి 200, 10 నుంచి 20 లక్షలకి 400. లాయరు లేకుండా మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

కార్డు రెండుసార్లు గీకి ఒకదానికే స్లిప్ వచ్చిన కేసు వేరు. ఆ లావాదేవీ ఫెయిల్ అయి డబ్బు కట్ అయితే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. రెండూ సక్సెస్ అయి షోరూంకే చేరితే మాత్రం అది పైన చెప్పిన దారే. ఖాతా నంబరులో ఒక అంకె తప్పి డబ్బు ఎవరికో వెళ్ళిపోతే షోరూంకి ఫోన్ చేసి లాభం లేదు. ఆ గంటలోనే మీ బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అలాంటి ఖాతా లేకపోతే డబ్బు దానంతటదే తిరిగొస్తుంది, ఉంటే ఆ ఖాతాదారు ఒప్పుకుంటేనే బ్యాంకు వెనక్కి తేగలదు. బ్యాంకు 30 రోజులు నాన్చితే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్.

కారు ధర 10 లక్షలు దాటినవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) అని షోరూం కట్టించుకుంటుంది. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ అయ్యే పన్ను, రిటర్న్‌లో చూపిస్తే తగ్గుతుంది లేదా తిరిగొస్తుంది. ఆదాయపు పన్ను సైట్లో మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో అది కనపడకపోతే షోరూం కట్టలేదనో, మీ పాన్ తప్పుగా ఎక్కించారనో అర్థం. సర్టిఫికెట్ అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.

షోరూం వైపు వాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట: లోన్ డబ్బు బ్యాంకులో ఎంత పడిందో చూడకుండా బ్యాంకు రాసిచ్చిన డెలివరీ ఆర్డర్ మీద ఉన్న అంకెనే జమ వేసుకోవడం, దిద్దిన ప్రొఫార్మా మీద బుకింగ్ తీసేశామని రాయకపోవడం, మీ షార్టేజీల్లో ఎక్కువ ఈ రెండింటి వల్లే. గేట్ పాస్‌కి ముందు లెడ్జర్ ప్రింటు తీసి కస్టమర్ చేత సంతకం పెట్టించుకుంటే ఆరు వారాల తర్వాత ఫోన్లు చేయాల్సిన పని ఉండదు. చేయాల్సి వస్తే మొదటి ఫోన్‌లోనే "తప్పు మాదే సార్, లెడ్జర్ పంపాను, చూసి చెప్పండి" అనండి. ఆర్సీ పేరెత్తకండి.

మొదటాయనకి చివరగా: 23,750 పంపిన రోజే రసీదు, బాకీ సున్నా చూపించే లెడ్జర్ రెండూ మెయిల్‌లో తెప్పించుకుని లోన్ కాగితాలతో పాటు కనీసం మూడేళ్ళు ఉంచండి. రెండో తాళం ఇచ్చినప్పుడు జేబులో వేసుకుని వచ్చేయకుండా అక్కడే బండికి పెట్టి స్టార్ట్ చేసి చూడండి. డోర్ తీసినంత మాత్రాన సరిపోదు. లోపలి చిప్ బండికి జత కాకపోతే ఇంజిన్ అందుకోదు, తర్వాత వెళ్తే దానికి వేరే బిల్లు వేస్తారు.